రెండో చప్పుడు

ఆమెకు నాడక్క అని పేరు పెట్టినవాళ్లు వెక్కిరించడానికే పెట్టారు. లంగా నాడా లాంటి బెల్టు ఒకటి చంకన పెట్టుకుని, నడుమెత్తు టైర్లు ఎక్కించడానికి పొలాలకు బయల్దేరే ఆడమనిషిని చూస్తే నవ్వరా మరి? ఆమె కూడా నాలుగు రోజులు మొహం మాడ్చుకుంది. అయిదో రోజు రంగుడబ్బా తెచ్చుకుని, టైర్ల షాపు బోర్డు మీద తనే ఆ పేరు రాసేసుకుంది. అక్షరాలు వంకరగా వచ్చాయి. అయినా మూరెడేసి ఉన్నాయి కాబట్టి రోడ్డవతల నుంచి కూడా చదవొచ్చు.

ఆ బోర్డు మీద అంతకుముందు ఆమె భర్త బిరుదు ఉండేది, ఢమాలన్న అని. ఆ బిరుదు కథ చెప్పాలంటే ముందు టైరు సంగతి కాస్త చెప్పాలి. ట్యూబు లేని టైరులో గాలిని పట్టి ఉంచేవి దాని రెండంచులు. లోపలి పక్కదొకటి, బయటి పక్కదొకటి. రెండూ ఇనుప రిమ్ముని కరుచుకుని కూర్చోవాలి. గాలి తగ్గిన టైరు మీద బరువేసి బండిని గిర్రున తిప్పారనుకోండి, అంచు రిమ్ము మీంచి లోపలికి జారిపోతుంది. అలా జారాక పంపు కొట్టి కొట్టి చచ్చినా ఈ పక్కన పోసిన గాలి ఆ పక్కన పోతుంది. బోలెడంత గాలి ఒక్క ఊపున లోపలికి దూకితేనే అంచులు ఎగిరి తమ చోట కూర్చుంటాయి. అవి కూర్చునేటప్పుడు తుపాకీ పేలినంత చప్పుడవుతుంది. అంచుకొక చప్పుడు, మొత్తం రెండు. రెండూ వినబడితే పని అయినట్టు. ఒకటే వినబడితే కానట్టు.

షాపులోనైతే కంప్రెసర్ ఉంటుంది. పొలం మధ్యలో ఏముంటుంది? ఢమాలన్న దగ్గర పెట్రోలు ఉండేది. టైరుకీ రిమ్ముకీ మధ్య సందులో కాస్త చిలకరించి, అగ్గిపుల్ల గీసి విసిరేవాడు. లోపల ఢమాల్‌మనేది. చుట్టూ మూగినవాళ్లు చెవులు మూసుకుంటుంటే తను మాత్రం నడుం మీద చేతులేసుకుని నిలబడి, పెళ్లిలో చదివింపులు చదివినంత గొంతేసుకుని లెక్కపెట్టేవాడు. "ఒకటి... రెండు." జనం చప్పట్లు కొట్టేవారు. మనిషికి చప్పట్లు అలవాటైతే ఇంకేమీ రుచించదు. కంప్రెసర్ పక్కనే ఉన్నా ఆయన పెట్రోలే పోసేవాడు.

మూడేళ్ల కిందట కంకర క్వారీలో ఒక లోడరు టైరుకి మొదటి పుల్ల అంటుకోలేదు. ఇంకాస్త పోశాడు. ఎందుకంటుకోలేదో చూద్దామని మొహం దగ్గరగా పెట్టాడు. "ఒకటి" అనడం అందరికీ వినబడింది. రెండు అనలేదు.

కనుబొమ్మలు మళ్లీ మొలవలేదు. కుడిచేతి వేళ్లు పిడికిలి పట్టడం మానేశాయి. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది ముప్పాతిక వంతు పోయింది. అప్పట్నించీ ఆ ఇంట్లో ప్రతి మాటా రెండుసార్లు పుడుతోంది. ఆమె చెబుతుంది, ఆయన "ఏంటీ?" అంటాడు, ఆమె మళ్లీ చెబుతుంది. పప్పులో ఉప్పు చాలలేదన్న మాట కూడా వీధి వీధంతా విని, అయ్యో అనుకునేది.

ఆమె దర్జీ కూతురు. గుండీకి కాజా కుట్టడం, నాడా ఎక్కించడం, నడుం కొలత కంటితో చెప్పేయడం పుట్టింటి నుంచి తెచ్చుకున్న సొమ్ము. పెళ్లయిన పదిహేనేళ్లూ షాపులో ఆమె పని టీ పెట్టడం, వచ్చినవాళ్లను బెంచీ మీద కూర్చోమనడం. అయితే కళ్లు ఊరికే ఉండవు కదా. ఆసుపత్రి నుంచి ఆయన్ని తీసుకొచ్చాక, షట్టరు దించిన తొంభై మూడో రోజున, ఆమె చీర చెంగు దోపుకుని షట్టరు ఎత్తింది. మొదట వచ్చిన స్కూటరతను ఆమెను ఎగాదిగా చూసి, "మగవాళ్లెవరూ లేరా?" అన్నాడు. "లోపల పడుకున్నారు. నీ టైరు కూడా పడుకునుంది. ముందు ఎవర్ని లేపమంటావు?" అందామె. అతను వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు.

చిన్న టైర్లు చేతికి లొంగాయి. పొలాల్లో దిగిపోయిన పెద్ద టైర్ల దగ్గరే చిక్కొచ్చింది. పెట్రోలు ముట్టనని ఒట్టు పెట్టుకుంది, మరి ఇంకో దారి కావాలి. ఒకరోజు పెట్టెలోంచి తీసిన పాత లంగాకి నాడా ఎక్కిస్తుంటే తట్టింది. నాడా నడుం చుట్టూ బిగిస్తే పైన గుడ్డ, కింద గుడ్డ కుచ్చిళ్లు పోసుకుని బయటికి ఉబ్బుతాయి. టైరు నడుముకీ అలాగే ఒక నాడా కట్టి బిగిస్తే? మధ్యలో నొక్కుకుని రెండంచులూ చెరో పక్కకీ ఉబికి రిమ్ము దగ్గరకు చేరవా? లారీలకు సరుకు కట్టే పాత బెల్టులు రెండు వరసలు పేర్చి, తండ్రి గోనెసంచులు కుట్టిన సూదితో కుట్టింది. రెండు కొసలకీ ఉంగరాల్లా మడతలు పెట్టింది. మడతల్లో ఇనప కడ్డీ దూర్చి మెలి తిప్పితే బెల్టు బిగుసుకుంటుంది. మొదటిసారి చేసి చూసిన రోజున ఒక ట్రాలీ చక్రం రెండు చప్పుళ్లూ చేసి కూర్చుంది. ఆమె ఒక్కతే ఆ షెడ్డులో పడీ పడీ నవ్వింది.

మిగిలిందల్లా గాలి. దానికీ ఉపాయం దొరికింది. పాత లారీ చక్రం ఒకటి రిమ్ముతో సహా కొని, షాపు కంప్రెసర్‌తో దాన్ని కిక్కిరిసేలా నింపి, ట్రాలీ ఆటోలో వెనక పడేసి తీసుకెళ్తుంది. మూతికి లావుపాటి పైపు తగిలించి తిప్పితే ఆ గాలంతా ఒక్కసారి అవతలి టైరులోకి దూకుతుంది. ఆ చక్రానికి అత్తగారని పేరు పెట్టుకుంది. ఎప్పుడూ బుసబుసలాడుతూ ఉంటుంది, కదపాలంటే ఒళ్లు హూనమవుతుంది, అక్కర పడ్డప్పుడు మాత్రం ఆదుకుంటుంది. అసలు అత్తగారు బతికున్న రోజుల్లో ఈ పేరు విని, "నేను ఇంత గుండ్రంగా ఉన్నానా?" అని మాత్రమే అడిగింది.

ఇదంతా జరుగుతున్న మూడేళ్లూ ఢమాలన్న వెనక గదిలోంచి కదల్లేదు. ఎడమచేత్తో పంక్చర్లకి వేసే రబ్బరు ప్యాచీలు కత్తిరించేవాడు, వాల్వులు ఏరి డబ్బాల్లో వేసేవాడు. టైరు దగ్గరకు మాత్రం వచ్చేవాడు కాదు. చక్రాన్ని గోడకానించి ఉంచితే దాని పక్కనుంచి నడవకుండా చుట్టూ తిరిగి వెళ్లేవాడు. నాడా పద్ధతి గురించి ఆయన ఏమనుకుంటున్నాడో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

కోతలు మొదలైన నెలలో ఒక పొద్దున పది దాటాక ఫోను మోగింది. కోత మిషను డ్రైవరు. తన పెళ్లికి ముందు రెండేళ్లు ఈ షాపులోనే ఢమాలన్న దగ్గర పని నేర్చుకున్నవాడు.

"వదినా, మిషను వెనక చక్రం దిగిపోయింది. గట్టు దగ్గర తిప్పాను, రెండంచులూ జారాయి. అన్నని కూడా తీసుకుని రా."

"అన్న ఎందుకు?"

"ఊరికే. ఆయనకి ఉపాయాలు తెలుసు కదా."

"నాకూ తెలుసు. టైరు సైజు చెప్పు."

సైజు రాసుకుని ఆమె అత్తగారిని ఆటోలోకి దొర్లిస్తుంటే వెనక గదిలోంచి ఆయన వచ్చాడు.

"ఏంటీ?"

"కోత మిషను. వెనక టైరు. అంచులు జారాయంట."

"ఏంటీ?"

మళ్లీ చెప్పింది. ఆయన చేతులు తుడుచుకుని, వెళ్లి ఆటో ముందు సీట్లో ఒక పక్కగా కూర్చున్నాడు. ఏదైనా అంటే దిగిపోతాడేమోనని ఆమె వెంటనే బండి తీసింది.

చేను రోడ్డు నుంచి రెండొందల గజాల లోపలుంది. ఎనిమిదెకరాల వరిలో రెండెకరాలు కోతయ్యింది. మిగిలిందంతా కంకుల బరువుకి తలొంచి నిలబడుంది. కోసిన చోట, మధ్యలో, వెనక కాలు విరిగిన గేదెలా కోత మిషను వాలిపోయుంది. చేను గల పెద్దామె తలకు తువ్వాలు చుట్టుకుని దాని నీడలో కూర్చుంది. మొగుడు పోయాక ఎనిమిదెకరాలూ ఒంటిచేత్తో పండిస్తున్న మనిషి. దూరాన కొండల వెనక ఆకాశం బొగ్గు రంగులోకి తిరుగుతోంది.

ఆటో దిగి నాలుగడుగులు వేసేసరికి నాడక్క ఆగిపోయింది. పెట్రోలు వాసన.

"ఎవరు పోశారు?"

డ్రైవరు ముందుకొచ్చాడు. "నేనే వదినా. అంటించలేదు. అగ్గిపెట్టె తీశాను, చెయ్యి వణికింది. ఆ రోజు క్వారీలో నేనూ ఉన్నాను కదా."

"వణికిందంటే బుద్ధున్నట్టే. మరి నన్నెందుకు పిలిచావు, రెండోసారి వణక్కుండా పట్టుకోడానికా?"

"అది కాదు. మా ఓనరు గంటకోసారి ఫోను చేస్తున్నాడు. రేపు పొద్దున్నే మిషను వేరే చోట ఉండాలంట. ఈ పెద్దమ్మ చూస్తే, చేను వదిలేసి పోతే చచ్చిపోతానంటోంది. వానొస్తే పంటంతా పడిపోతుంది, పడ్డ వరిని మిషను కోయలేదు. రెండింటిదాకా చూస్తాను వదినా. నీ నాడాతో ఎక్కితే సరే. లేకపోతే నేనే అంటిస్తాను, ఇంక దారి లేదు. నేర్పింది అన్నే."

చివరి మాట ఆయనకు వినబడి ఉండదు. ఆమెకు మాత్రం ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఒళ్లు మండింది, దాని వెనకే భయమూ వేసింది. ఈ భూమ్మీద పెట్రోలుతో టైర్లు ఎక్కించేవాళ్లు ఎంతమంది ఉన్నారో, వాళ్ల సంగతి ఆమెకు తెలియదు. ఈ చేలో, ఆయన కళ్ల ముందు, ఆయన నేర్పిన చేత్తో మాత్రం టైరుకి నిప్పు తగలకూడదు. తగిలి ఎవడి మొహమైనా కాలితే, వెనక గదిలోకి వెళ్లిన మనిషి మళ్లీ బయటికి రాడు. ఆమెకు తెలిసింది ఇంతే. అదేం చిన్న విషయం కాదు.

"పెద్దమ్మా, పొయ్యిగానీ బీడీగానీ దగ్గర్లో ఎవరూ ముట్టించకూడదు. నువ్వు కాపలా," అంది.

"బీడీ మానేసి ఏడేళ్లయింది తల్లీ. ఇవాళ మాత్రం మనసు లాగుతోంది," అంది పెద్దామె.

వాసన పోయేదాకా సబ్బు నీళ్లతో టైరు కడిగారు, గుడ్డతో తుడిచారు, మళ్లీ కడిగారు. పోసిన గుక్కెడు పెట్రోలుకి ముప్పావుగంట పోయింది. తరవాత జాకీ పెడితే మెత్తటి నేలలో జాకీయే దిగబడింది కానీ మిషను లేవలేదు. ఆటో వెనక తలుపు చెక్క ఊడదీసి కింద పరిచారు. చక్రం నేల మీంచి జానెడు లేచి గాల్లో నిలబడింది. విప్పి కింద పడేసి చేద్దామంటే బోల్టులు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. బండికి ఉండగానే చెయ్యాలి. బయటి అంచు కళ్లెదురుగా ఉంటుంది. లోపలి అంచు మాత్రం మిషను కడుపు కిందికి ఉంటుంది, చెయ్యి దూర్చి తడుముకోవడమే.

ఆమె బోర్లా పడుకుని చెయ్యి దూర్చి మట్టి గీకింది. రెండంచులకీ చిక్కటి సబ్బు నురగ పూసింది. వాల్వులో పిన్ను తీసేసింది, గాలి అడ్డం లేకుండా లోపలికి దూకాలి కదా. టైరు నడుం చుట్టూ బెల్టు వేసి, మడతల్లో కడ్డీ దూర్చి, మెలి తిప్పమని డ్రైవరుకిచ్చింది. అంచులు ఉబికి రిమ్ముని తాకాయి.

"అత్తగారిని తిప్పు."

గాలి ఉరుములా దూకింది. టైరు ఒక్కసారి ఒళ్లు విరుచుకుంది. లోపలి పక్కన ఎక్కడో బుస్సుమని మొదలైంది, ఆగలేదు. నిమిషంలో అత్తగారు చప్పబడిపోయింది. టైరు నురగలు కక్కుతూ మొదటికొచ్చింది. ఒక్క చప్పుడూ రాలేదు.

మళ్లీ సబ్బు పూసి, అత్తగారిలో అడుగున మిగిలిన గాలితో ఇంకోసారి చూశారు. ఈసారి బుస్సుమనడం కూడా పెద్దగా లేదు. కాలి పంపుతో అత్తగారిని నింపుదామని డ్రైవరు తొక్కాడు, ఆమె తొక్కింది, పెద్దామె కూడా తువ్వాలు బిగించుకుని వందసార్లు తొక్కింది. ఒంటిగంట దాటింది. గాలి చూపే మీటరులో ముల్లు పావు వంతుకి కూడా రాలేదు. కొండల మీది నలుపు చేను అవతలి గట్టుదాకా వచ్చింది. ఆ రోజు వాన సాయంత్రం అయిదింటిదాకా పడలేదన్నది తరవాతి మాట. ఒంటిగంటన్నరకి ఆ సంగతి ఎవరికీ తెలియదు.

డ్రైవరు ఫోను మోగింది. అవతలి మాటలు ఎవరికీ వినబడలేదు కానీ ఇతను "సరే సార్, సరే సార్" అని పెట్టేసి, చెమట తుడుచుకుని, మిషను వెనక దాచిన పెట్రోలు డబ్బా తీసుకొచ్చాడు.

"ఇంక నన్నేమీ అనకు వదినా. మా ఓనరు నా ఉద్యోగం పీకేస్తానంటున్నాడు."

ఆమె ఎదురెళ్లి డబ్బా అందుకుంది. మూత తీసింది. నింపాదిగా ఆటో దగ్గరకు నడిచి, ట్యాంకు మూత తిప్పి, డబ్బాలో ఉన్నదంతా గడగడా అందులో పోసేసింది. చివరి బొట్టు కారేదాకా డబ్బా వంచి పట్టుకుంది.

"దాని చోట అది ఉంటే ఏ గొడవా లేదు," అని ఖాళీ డబ్బా అతని చేతిలో పెట్టింది. "పోసినంతకీ నీ దగ్గర బాకీ పడ్డానులే. ఇప్పుడు ఏడ్చి లాభం లేదు, గాలి ఎక్కడ పోతోందో వెతుకు."

డ్రైవరు ఖాళీ డబ్బా పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు. పెద్దామె నవ్వాలో ఏడవాలో తెలియక తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంది. పట్టిన పట్టు విడవకపోవడం వేరు, దారి తెలియడం వేరు. దారి నాడక్కకి తెలియలేదు.

అప్పుడు ఆటో సీటు కిర్రుమంది.

ఢమాలన్న దిగాడు. పొద్దుటినుంచీ ఆ సీట్లోంచి లేవని మనిషి, వరి మోళ్ల మీద అడుగులేసుకుంటూ వచ్చి చక్రం ముందు నిలబడ్డాడు. కాస్త దూరంలోనే నిలబడ్డాడు. ఎడమచేత్తో పైపు చూపించి, "కొంచెం వదులు," అన్నాడు. వినబడని మనిషి గొంతు కాబట్టి చేనంతా వినబడింది.

"ఉన్నదే కొంచెం," అంది ఆమె.

"ఏంటీ?"

ఆమె చెప్పలేదు. పైపు తిప్పింది. పంపు కొట్టి నింపిన ఆ పిసరంత గాలి సన్నగా టైరులోకి పోతోంది. ఆయన కళ్లు మూసుకున్నాడు. నేల మీద మోకాళ్లూని, తరవాత పడుకుని, మిషను కడుపు కిందికి తల దూర్చి, కనుబొమ్మల్లేని మొహాన్ని టైరు అంచుకి బెత్తెడు దూరంలోకి తెచ్చాడు. ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి లాగేద్దామనిపించింది ఆమెకు. పైపు వదిలితే గాలి ఆగిపోతుందని పట్టుకునే ఉంది. ఆ మొహం అంచు వెంబడే మెల్లగా కదిలింది. కింద ఒక చోట ఆగింది. అక్కడ చెంప మీద సన్నటి గాలి తగులుతోంది. కాలిపోయి మళ్లీ వచ్చిన చర్మానికి గాలి, ఎండ, దోమ కాలు కూడా మామూలుకంటే ఎక్కువే తెలుస్తాయని ఆయన తరవాత చెప్పాడు. మూడేళ్లుగా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"ఇక్కడ," అన్నాడు. "రిమ్ము సొట్టపోయింది. బెత్తెడు పొడుగుంది. అంచు ఆనట్లేదు."

ఆమె చెయ్యి దూర్చింది. ఆయన వేలు ఉన్న చోటే వేలు పెట్టింది. నిజమే, చేతికి తగిలీ తగలనంత సొట్ట. రెండుసార్లు దాని మీంచి చెయ్యి పోయింది, మట్టి అనుకుంది. తన మీద తనకే కోపం వచ్చింది.

"సైకిలు ట్యూబు," అన్నాడు ఆయన. "చుట్టూ వేసి కాస్త ఉబ్బించు. సందు మూసుకుంటుంది. అంచు జరిగితే అదే ఊడి బయటికొస్తుంది. మా నాన్న ట్యూబు లేని టైర్లొచ్చిన కొత్తల్లో అలా చేసేవాడు."

పెట్రోలు అలవాటయ్యాక ఈయన ఆ పద్ధతి ఎందుకు వదిలేశాడో ఆమె అడగలేదు. ఇప్పుడు అడగాల్సిన మాట కాదు. ఆటోలో పాత సైకిలు ట్యూబులకు కొదవ లేదు. ఇక గాలే కావాలి.

ధాన్యం ఎత్తుకెళ్లే లారీ రోడ్డు మీద హారను కొట్టింది అప్పుడే. నాడక్క చటుక్కున తలెత్తింది. లారీకి బ్రేకులు గాలితోనే పడతాయి. కడుపు కింద గాలి ట్యాంకు ఉంటుంది, ఇంజను ఆడినంతసేపూ నిండుతూనే ఉంటుంది. పొలంలోకి దిగితే లారీ కూరుకుపోతుంది, పైపు అంత దూరం రాదు. అయితే అత్తగారు వెళ్లొచ్చు కదా.

"లే," అంది డ్రైవరుతో. "అత్తగారిని పుట్టింటికి తీసుకెళ్లాలి."

ఇద్దరూ కలిసి ఆ చక్రాన్ని వరి మోళ్ల మీద రోడ్డుదాకా దొర్లించారు. రెండు చోట్ల పడిపోయింది, రెండుసార్లూ గడ్డపారతో లేపారు. లారీ డ్రైవరు మొదట బ్రేకులు పాడైపోతాయని నసిగాడు. తనే ఆమెను "చెల్లెమ్మా" అనడం మొదలుపెట్టాక ఇంక కాదనలేకపోయాడు. ఇంజను పావుగంట గర్జించింది. ముల్లు నిండుకి వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె చేతులు బొబ్బలెక్కాయి. చూసుకోడానికి తీరిక లేదు.

వచ్చేసరికి ఢమాలన్న సైకిలు ట్యూబు లోపలి అంచు చుట్టూ సర్ది, ఎడమచేత్తో సబ్బు పూస్తున్నాడు. పెద్దామె నురగ గిన్నె పట్టుకుని కూర్చుంది. టైరుకి కడ్డీతో బెల్టు బిగించారు. రెండు దాటి పావుగంటయింది. అయినా ఆ గడువుతో ఇప్పుడు ఎవరికీ పని లేదు.

"దూరం జరగండి," అందామె. పెద్దామె జరిగింది, డ్రైవరు కడ్డీ పట్టుకున్నంత దూరంలో నిలబడ్డాడు. ఆయన మాత్రం పక్కకొచ్చి టైరు నెత్తి మీద అరచెయ్యి ఆనించాడు. ఆమె కళ్లతో వద్దంది. ఆయన చూడనట్టు కళ్లు మూసుకున్నాడు.

అత్తగారు తెరుచుకుంది. గాలి దూకింది. ఈసారి బుస్సుమని ఎక్కడా రాలేదు. టైరు ఉబ్బింది, ఉబ్బుతూనే ఉంది. డ్రైవరు కడ్డీ వదులు చేశాడు. బెల్టు జారి పడింది. సైకిలు ట్యూబు పాములా బయటికి జారింది. ఫట్‌మని బయటి అంచు కూర్చుంది.

ఒకటి, అనుకుంది ఆమె లోపల.

రెండోది రాలేదు. పైపు మీటరులో ముల్లు పెరుగుతోంది. ముప్పై. ముప్పై అయిదు. ఈ టైరుకి నలభై దాటకూడదు, దాటితే అంచు లోపల తీగ తెగి అసలు టైరే బాంబు అవుతుంది.

"ఇంకొంచెం వదులు వదినా, ఎక్కేస్తుంది," అన్నాడు డ్రైవరు.

నలభై. ఆమె పైపు కట్టేసింది. ఇంకొంచెం అన్న మాటకి ఆమె ఇంట్లో మూడేళ్ల కిందటే ఖరీదు చెల్లించారు. వేలితో వాల్వు దగ్గర పైపు వదులు చేసి, సంపాదించిన గాలిని తన చేతులతో తనే బయటికి వదిలింది. డ్రైవరు తల పట్టుకున్నాడు. ఇరవైకి దిగాక ఆపి, మళ్లీ పడుకుని, లోపలి అంచుకి చేతినిండా సబ్బు తీసుకుని సొట్ట దగ్గర మెత్తింది. రబ్బరు సుత్తితో టైరు పక్కన నాలుగు దెబ్బలు వేసింది. అత్తగారిలో ఇంకొక్కసారికి సరిపడా ఉంది. రెండోసారికి లేదు.

లేచి నిలబడి పైపు తిప్పింది. ఇరవై అయిదు. ముప్పై. చెవులు రిక్కించి వింటోంది. మేఘం నీడ చేను మీదికి పాకింది. ముప్పై రెండు. ఆయన అరచెయ్యి టైరు మీదే ఉంది, కళ్లు మూసుకునే ఉన్నాయి. ముప్పై నాలుగు.

ఫట్.

పిట్టలు లేచిపోయాయి. పెద్దామె చేతిలో గిన్నె కింద పడింది. నాడక్క పైపు కట్టేసి, ఆయనకు వినబడి ఉండదని, చూపించడానికి రెండు వేళ్లు ఎత్తబోయింది. ఆయన కళ్లు తెరవలేదు. అరచెయ్యి తీయలేదు.

"రెండు," అన్నాడు.

క్వారీలో మధ్యలో తెగిపోయిన లెక్క అది. మూడేళ్లుగా ప్రతి టైరు దగ్గరా ఆమె మనసులోనే పూర్తి చేసుకుంటున్న లెక్క. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, సబ్బు చేతులతో తుడుచుకుంటే ఇంకా మండాయి. మొహం ఆయన వైపు తిప్పి, పెదాలు కనబడేలా, ఒక చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని అడిగింది.

"ఏంటీ?"

ఆయన ఆమెను చూశాడు. రెండుసార్లు చెప్పించుకోవడం ఎలా ఉంటుందో అప్పుడే అర్థమైనట్టు నవ్వాడు. చేను అవతల లారీ డ్రైవరుకి కూడా వినబడేంత గట్టిగా మళ్లీ చెప్పాడు.

"రెండు."

ఆమె వాల్వులో పిన్ను బిగించి, జాకీ దించమంది.